గాజుతొట్టికి దూరపు కాపలా

ఇంట నొక మూల గాజుతొట్టి, అందు నాలుగు బంగారు చేపలు, రెండు నీటి మొక్కలు: ఈ దృశ్యము నేడు మన యిండ్లలో అరుదు కాదు. చెన్నపట్టణమున కొళత్తూరు చేపల అంగళ్ల నడుమ బిడ్డ చేయి పట్టుకొని నడచిన తల్లిదండ్రులు వట్టి చేతులతో ఇంటికి మరలివచ్చుట కష్టము. ఇటీవల పిల్లలు చేపలతోపాటు మరియొక వస్తువును కూడ కోరుచున్నారు. అది తొట్టిలోని నీటి స్థితిని ఎప్పటికప్పుడు మన చేతి ఫోనుకు తెలుపును. మన మెచ్చట నున్నను దీపమును, పంపును, మేతపెట్టెను అక్కడినుండియే నడపనిచ్చును. “ఇది కొనదగిన వస్తువేనా? ఊరికి పోయినప్పుడు దీనిని నమ్మవచ్చునా?” అని పలువురు తల్లిదండ్రులు మమ్ము అడిగియున్నారు. మా అనుభవమును ముందుగా చెప్పి, పిదప ఆ యంత్రము పనిచేయు విధమును వివరించెదము.

మా పాఠశాల విజ్ఞానశాస్త్రపు గదిలో సుమారు 100 లీటర్ల తొట్టి యొకటి కలదు. అందు 14 బంగారు చేపలుండెను. అంత నీటికి అన్ని చేపలు ఎక్కువే యని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము. పెద్ద తరగతుల పిల్లలు మా సాయముతో ఒక చిన్న కాపలా యంత్రమును కూర్చిరి. నీటి ఉష్ణోగ్రతయు, పంపు నడచుచున్నదో లేదో యనునదియు దాని మూలమున ఫోనులో కనబడుచుండెను. పిల్లల ముచ్చట తీరునట్లు తల్లిదండ్రుల ఫోనులలో సైతము ఆ సమాచారము కనబడు ఏర్పాటు చేసితిమి.

2023 డిసెంబరు మొదటి వారమున మిచౌంగ్ తుపాను వర్షములు చెన్నైని ముంచెత్తినపుడు పాఠశాల మూతపడెను. మేము ఇంట కూర్చుండి ఫోను చూచితిమి. “26.4 డిగ్రీలు, పంపు నడచుచున్నది” అని యుండెను. మనస్సు కుదుటపడెను. మరునాటి సాయంకాలము ఏడవ తరగతి బాలిక యొకతె తండ్రి ఫోనునుండి మమ్ము పిలిచి, “మాస్టారూ, నిన్న మధ్యాహ్నంనుంచి ఆ అంకె మారనే లేదండీ, ఎందుకు?” అని యడిగెను. వానకు నీరు చల్లబడి నిలకడగా నున్నదని సమాధానము చెప్పి పంపితిమి.

వీథులలో నీరు తీసి మేము పాఠశాల చేరునప్పటికి 14 చేపలలో 11 చచ్చి తేలియుండెను. విద్యుత్తు పోయి రెండు దినములు దాటెను. మేము ఫోనులో చూచినది విద్యుత్తు పోవుటకు ముందు యంత్రము పంపిన చివరి మాట. దానినే ఆ క్షణపు క్షేమవార్త యని నమ్మితిమి. ఆ బాలిక సరిగా చూచినది. మేము సరిగా వినలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ తప్పే కారణము.

తొట్టిలో జరుగునది

చెరువులో చేప చిన్నది, నీరు పెద్దది. తొట్టిలో నీరు కొంచెము. కావున అచ్చట ప్రతి మార్పును త్వరగా జరుగును. ఈ చిక్కు తొలినుండియు ఉన్నదే. 1850లో లండనులో రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు బంగారు చేపలను, నీటి మొక్కలను, నత్తలను ఒక్క పాత్రలో నుంచి, ఒకదాని విడుపు మరియొకదాని కుపయోగపడునట్లు చేసి, నీటిని చెడకుండ నిలుపవచ్చునని చూపెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజల కొరకు మొదటి చేపలశాల తెరువబడెను. నేటి తొట్టియందును ఆ సమతూకమునే మనము కాపాడవలసియున్నది.

చేపలు తమ మొప్పల ద్వారా అమ్మోనియాను విడచును. మిగిలిన మేత కుళ్లినను అమ్మోనియాయే పుట్టును. ఇది చేపలకు విషము. ఫిల్టరులోని స్పంజీపై నివసించు ఒక జాతి సూక్ష్మజీవులు దీనిని నైట్రైటుగా మార్చును, అదియు విషమే. వేరొక జాతి దానిని నైట్రేటుగా మార్చును. ఇది అంత హానికరము కాదు. వారమున కొకసారి కొంత నీటిని మార్చినచో అదియు తగ్గును. ఈ సూక్ష్మజీవులకు ప్రాణవాయువు కావలెను. పంపు ఆగి, స్పంజీగుండ నీరు ప్రవహించుట మానినచో, కొన్ని గంటలలోనే అవి నశింప నారంభించును.

చేపలకును ప్రాణవాయువు కావలెను గదా. లీటరు మంచినీటిలో 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు; 25 డిగ్రీల వద్ద 8.3, 30 డిగ్రీల వద్ద 7.6 మాత్రమే. నీరు వేడెక్కినకొలది చేప శ్వాస వేగము హెచ్చును, నీటిలోని ప్రాణవాయువు తగ్గును. మన ప్రాంతములలో వేసవి మధ్యాహ్నమున పంపు ఆగుట ఎంత ప్రమాదమో దీనివలన గ్రహింపవచ్చును.

దూరపు కాపలా ఎట్లు పనిచేయును?

ఈ యంత్రమున నాలుగు భాగములు గలవు. మొదటిది నీటిలో ముంచు సెన్సరు. దీనిని యంత్రపు వ్రేలుగా భావింపవచ్చును. చవుకగా దొరకు ఉష్ణోగ్రత సెన్సరు సైతము అర డిగ్రీ అటునిటు తేడాతో సరిగానే చెప్పును. రెండవది తొట్టి ప్రక్కన ఉండు చిన్న కంప్యూటరు బిళ్ల. 2016లో వెలువడిన ఇ.ఎస్.పి. 32 వంటి బిళ్లలు వై-ఫై సహితముగా అరచేతిలో ఇముడును. మూడవది రిలే; ఇది బిళ్ల ఆజ్ఞ ననుసరించి పంపునకో దీపమునకో విద్యుత్తు నిచ్చు లేక ఆపు మీట. నాలుగవది క్లౌడు.

క్లౌడు అనగా మేఘమని అర్థము గాని, ఆకాశమునకును దీనికిని సంబంధము లేదు. అవి ఎచ్చటనో ఒక భవనములో రాత్రింబవళ్లు నడచు కంప్యూటర్లు. వానిలో కొంత చోటును, కొంత పనిని ఇతరులకు అద్దెకిచ్చెదరు. మన తొట్టిబిళ్ల నిమిషమున కొకసారి అంకెలను అచ్చటికి పంపును. మన ఫోను అచ్చటినుండి వానిని తెచ్చుకొనును. అనగా ఫోను తొట్టిని చూచుటలేదు. దూరపు భవనములో వ్రాసిపెట్టిన చీటీని చదువుచున్నది. ఈ ఒక్క విషయమును మేము ముందే బోధపరచుకొనియుండినచో ఆ దినమున మోసపోయియుండము.

అయినను ఈ చిక్కునకు పరిష్కారము లేకపోలేదు. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్కు, ఆర్లెన్ నిప్పర్ అను నిద్దరు ఎడారులగుండ పోవు చమురు గొట్టములను దూరమునుండి కనిపెట్టుటకై ఎం.క్యూ.టి.టి. అను వార్తాపద్ధతిని కల్పించిరి. నేటి గృహయంత్రములు పెక్కు దీనినే వాడుచున్నవి. అందొక చక్కని నియమము కలదు. యంత్రము మొట్టమొదట సంబంధము కలుపుకొనునపుడే ఒక వీలునామాను అప్పగింపవచ్చును: “నా మాట ఆగిపోయినచో ఈ వార్తను నా వారికి తెలుపుడు” అని. “60 సెకండ్ల కొకసారి పలుకరించెదను” అని యంత్రము చెప్పియుండినచో, 90 సెకండ్లవరకు దాని పలుకు వినబడనియెడల క్లౌడు ఆ వీలునామాను తెరచి చాటును. విద్యుత్తు పోయి యింటిలోని సమస్తమును మూగవోయినపుడు గూడ ఈ ఉపాయము పనిచేయును. ఏలయన, మౌనమును కనిపెట్టునది మన యింటిలో లేదు. మా యంత్రమున ఆ వీలునామా వ్రాయబడియుండలేదు.

కావున ఇట్టి వస్తువును కొనువారు అంగడివానిని మొదట నడుగవలసిన ప్రశ్న ఇది: “మాట ఆగిపోయినచో ఇది నాకు తెలుపునా? అంకె ప్రక్కన అది వచ్చిన వేళను చూపునా?” తెలుపనిచో, ఎన్ని రంగుల దీపములున్నను అది కాపలా కాదు. కొన్న తరువాత పంపును గాక యంత్రపు తీగనే ఒకసారి ఊడదీసి, ఫోనునకు హెచ్చరిక వచ్చునో లేదో చూడుడు.

యంత్రమునకు తెలియనివి

పీహెచ్ అనునది నీటి ఆమ్లక్షార స్థితిని తెలుపు కొలత. దానిని కొలుచు సెన్సరు కాలక్రమమున తప్పు చెప్ప నారంభించును. పీహెచ్ 4, 7 గల ద్రావణములలో ముంచి అప్పుడప్పుడు సరిదిద్దుచుండవలెను. ఆరనిచ్చినచో చెడిపోవును. అమ్మోనియాను ఎడతెగక కొలుచు సాధనములు ఖరీదైనవి; ఇంటివారికి రంగుచుక్కల పరీక్షయే చాలును. అయితే ఆ ఫలితమును పీహెచ్‌తో కలిపి చదువవలెను. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 అయినపుడు మొత్తము అమ్మోనియాలో తీవ్రవిషరూపమున నుండునది నూటికి ఒక వంతుకన్న తక్కువ. పీహెచ్ 8 అయినచో సుమారు 5 వంతులు. ఒక్క అంకెను చూచి నిర్ణయించుట తగదనుటకు ఇది చాలిన ఉదాహరణము.

ఇక చేప పైకి వచ్చి నోరు తెరచి గాలికై తపించుట, రెక్కలు ముడుచుకొని మూల నక్కుట, మేతకు రాకుండుట - వీనిని ఇంటిలోని పిల్లలు మన యంత్రముకన్న ముందుగా కనిపెట్టగలరు.

ఆజ్ఞ ఎచ్చట నుండవలెను?

దూరమునుండి చూచుట వేరు. దూరముపై ఆధారపడుట వేరు. 2020 ఫిబ్రవరిలో అమెరికాలో పెట్‌నెట్ అను సంస్థ వారి మేతయంత్రములకు క్లౌడు సంబంధము కొన్ని దినములు తెగిపోయెను. పెంపుడు పిల్లులకు, కుక్కలకు వేళకు మేత పడలేదని యజమానులు పలువురు మొరపెట్టుకొనిరి. గూగుల్ సంస్థ తన ఐ.ఓ.టి. కోర్ అను యంత్రసేవను 2023 ఆగస్టు 16వ తేదీన మూసివేసెను. అంత పెద్ద సంస్థ సేవయే ఆగిపోగలిగినపుడు, చిన్న సంస్థల సంగతి వేరుగా చెప్ప నక్కరలేదు.

కావున తొట్టికి ప్రాణాధారమైన నిర్ణయములు తొట్టి ప్రక్కనే జరుగవలెను. దీపము వేళ, వేడి హెచ్చినచో ఫ్యాను తిరుగుట మున్నగు నియమములు ఆ చిన్న బిళ్లలోనే వ్రాయబడియుండవలెను. బిళ్లయే చెడినను పంపు నడచునట్లు రిలేను కలుపవలెను. అనగా ఆజ్ఞ లేనపుడు పంపునకు విద్యుత్తు అందుచుండవలెను, ఆజ్ఞ వచ్చినపుడే ఆగవలెను. మేతపెట్టె విషయమున దీనికి విపర్యయము: ఆజ్ఞ లేనపుడు మేత పడరాదు. ఆరోగ్యముగ నున్న పెద్ద చేపలు కొలది దినములు మేత లేకున్నను బ్రతుకును. ఎక్కువైన మేత కుళ్లి నీటిని విషము చేయును.

తాళము మాటయు చెప్పవలెను. 2017లో డార్క్‌ట్రేస్ అను భద్రతాసంస్థ ఒక వింతను ప్రకటించెను. ఉత్తర అమెరికాలోని ఒక జూదశాలలో చేపల తొట్టి సెన్సర్లు ఇంటర్నెట్టుతో కలుపబడియుండగా, దొంగలు ఆ దారినే లోపలి కంప్యూటర్లలో ప్రవేశించి సుమారు 10 గిగాబైట్ల సమాచారమును వెలికి పంపిరట. అంగడినుండి వచ్చిన రహస్యపదమును కొన్ననాడే మార్చుడు. వీలైనచో తొట్టియంత్రమును ఇంటి లెక్కలుండు కంప్యూటరుతో కలియని వేరు వై-ఫైపై నుంచుడు.

నీరును విద్యుత్తును చేరువలో నున్న చోట పిల్లల క్షేమము అన్నిటికన్న ముందు. తీగ ప్లగ్గునకు చేరుటకు ముందు క్రిందికి వ్రేలాడి మరల పైకెక్కునట్లు అమర్చినచో, జారిన నీటిబొట్టు క్రిందనే రాలిపోవును. ఆ వరుసకు 30 మిల్లీఆంపియర్ల ఇ.ఎల్.సి.బి. ఉండుట అవసరము. స్విచ్చి ఆపి ప్లగ్గు తీయక తొట్టిలో చేయి పెట్టరాదని బిడ్డకు నేర్పుడు.

ముగింపు

ఇప్పుడు మా తొట్టిలో ఆరు చేపలు మాత్రమే గలవు. విద్యుత్తు పోయిన వెంటనే తనంత తాను మొదలిడు బ్యాటరీ గాలిపంపు నొకటి తగిలించితిమి. యంత్రము మూగవోయినచో మాకును, పాఠశాల సమీపమున నున్న కావలివానికిని హెచ్చరిక వచ్చును. అతనివద్ద గది తాళము నుంచితిమి. ఫోనులో అంకె చూచి దూరమున కూర్చుండిన వారు ఎందరున్నను, తలుపు తెరచువా డొక్కడైన లేనిచో చేపకు ప్రయోజనము లేదు. పంపు చాలసేపు ఆగినచో, మరల నడుపుటకు ముందు స్పంజీని తొట్టినీటితోనే కడుగవలెనని గోడపై వ్రాసిపెట్టితిమి. క్లోరిను గల కొళాయినీరు మిగిలిన సూక్ష్మజీవులను గూడ చంపును.

తొట్టి ప్రక్కన నొక నోటుపుస్తకము వ్రేలాడుచున్నది. ప్రతిదినము ఒక విద్యార్థి ఉష్ణోగ్రతను, చేపల లెక్కను, తాను చూచిన విశేషమును అందు వ్రాయును. ఆ యేడవ తరగతి బాలికయే దానిని ప్రారంభించినది. మొదటి పుటలో ఆమె వ్రాసిన నియమ మిది: “అంకె మారకపోతే వెళ్లి చూడాలి.” మీ యింట యంత్రమును కొనుడు, కొనకుండుడు, ఆ నియమమును మాత్రము తొట్టిపై అంటింపుడు. మీ బిడ్డ వచ్చి “ఏదో తేడాగా ఉంది” అనినపుడు, ఫోను చూచి సమాధానము చెప్పక, లేచి తొట్టి దగ్గరకు నడువుడు.