వేరుసెనగలో బూజు విషము – కాగితముపై పరీక్ష



పైకి శుభ్రముగా కనిపించు వేరుసెనగ పప్పులో గూడ బూజు విషము ఉండవచ్చును. కంటితో చూచి దీనిని పోల్చుకొనలేము. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినవి. బ్రెజిల్ నుండి వచ్చిన వేరుసెనగ పిండి వాటి దాణాలో కలిసినది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు ఆ పిండిలో విషము పుట్టించినదని తరువాత తేలినది. బూజు పేరును బట్టియే దానికి ఆఫ్లటాక్సిన్ అను పేరు వచ్చినది. దీనిని పట్టి ఇచ్చిన పరీక్షలలో పేపర్ క్రొమటోగ్రఫీ ఒకటి.

ఈ పరీక్షలోని సూత్రమును మీరు ఇంటివద్దనే చూడవచ్చును. అద్దుడు కాగితపు ముక్కపై, అంచుకు కొంచెము పైగా, నల్ల స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, చుక్క తడవకుండ అంచును మాత్రము నీటిలో ఉంచుడు. నీరు పైకి ప్రాకుచు, నలుపులో కలిసియున్న రంగులను వేరు చేయును. కాగితమును గట్టిగా పట్టుకొను పదార్థము వెనుకబడును. నీటితో సులభముగా పోవునది ముందుకు సాగును.

లాబొరేటరీలో చేయు విధము:

1. పప్పును పొడిచేసి, మిథనాల్ వంటి ద్రావకముతో విషమును దిగదీసి, వడగట్టి చిక్కబరచెదరు.

2. వడపోత కాగితముపై అడుగునుండి సుమారు 2 సెంటీమీటర్ల ఎత్తున పెన్సిలుతో గీత గీయుదురు. సిరాతో గీసినచో అదియును ప్రాకిపోవును.

3. గీతపై సన్నని గాజు గొట్టముతో నమూనా చుక్కను, ప్రక్కనే మోతాదు తెలిసిన శుద్ధ ఆఫ్లటాక్సిన్ చుక్కను పెట్టి ఆరబెట్టెదరు.

4. మూతగల గాజు పాత్రలో గీతకు దిగువగా ద్రావకము ఉండునట్లు కాగితమును వ్రేలాడదీయుదురు. ద్రావకము పై అంచు చేరకముందే తీసి, అది చేరిన చోట గుర్తు పెట్టెదరు.

5. కాగితము ఆరిన పిదప చీకటి గదిలో అతినీలలోహిత దీపము క్రింద చూచెదరు. ఆఫ్లటాక్సిన్ నీలముగానో, ఆకుపచ్చగానో మెరయును.

ద్రావకము 10 సెంటీమీటర్లు, చుక్క 7 సెంటీమీటర్లు ప్రాకినచో నిష్పత్తి 0.7 అగును. నమూనా చుక్క, శుద్ధ చుక్క ఒకే ఎత్తున, ఒకే రంగున నిలిచినచో విషమున్నదని అనుమానింపవలెను. ఇతర పదార్థములును మెరయవచ్చును గనుక మరియొక పరీక్షతో నిర్ధారణ చేయుదురు. మెరుపు హెచ్చుతగ్గులను బట్టి మోతాదు అంచనా కట్టుదురు. నేడు కాగితమునకు బదులు సిలికా పూత పలకలును, యంత్రములును వాడుచున్నారు. సూత్రము మాత్రము మారలేదు.

అయితే పరీక్ష ఎంత చక్కగా జరిగినను, నమూనా సరిగా లేనిచో ఫలితము వ్యర్థము. విషము రాశి అంతటను సమముగా ఉండదు. ఒక గింజ నిండ విషముండి, ప్రక్క గింజలో ఏమియు లేకపోవచ్చును. కావున ఒక బస్తానుండి పిడికెడు పప్పు తీసి పంపరాదు. అనేక బస్తాలలో పైన, నడుమ, అడుగున కొంచెము కొంచెము తీసి, బాగుగా కలిపి, పెద్ద నమూనాగా పంపవలెను. మంచి గింజలను ఏరి పంపుట తన్ను తాను మోసగించుకొనుటయే. నమూనాను ఆరబెట్టి గుడ్డ సంచిలో కట్టి, ఊరి పేరు, రకము, తేదీ వ్రాసి పంపుడు. గ్రామాధికారులు ఈ విషయమున రైతులకు తోడ్పడవలెను.

మన దేశములో నూనె తీయుట మొదలగు వాటికి పోవు వేరుసెనగలో ఈ విషము కిలోకు 15 మైక్రోగ్రాములకు మించరాదు. మైక్రోగ్రామనగా గ్రాములో పది లక్షలవ వంతు. ఒకసారి పుట్టిన విషము వండినంత మాత్రమున పోదు. గానుగ పట్టిన తరువాత ఎక్కువ భాగము చెక్కలోనే మిగులును. ఆ చెక్క తిన్న పశువు పాలలో గూడ దాని అంశ దిగును.

కావున బూజు పట్టకుండ చూచుటయే మందు. తీసిన చెట్లను కాయలు పైకి ఉండునట్లు పరచి, తేమ 8 శాతమునకు దిగువరకు ఎండబెట్టుడు. పగిలిన, ముడతపడిన, బూజు పట్టిన కాయలను ఏరివేయుడు. వాటిని పశువులకు పెట్టకుడు. ఒలుచుటకు సులువని కాయలపై నీరు చల్లకుడు. కళ్ళములో చూపిన శ్రద్ధ లాబొరేటరీ కాగితముపై తప్పక కనబడును.