ఆకు తిరగేసి చూడు బిడ్డా

మోకిల,
ఆదివారం పొద్దున.

మనుమరాలా,

శంకర్‌పల్లి రోడ్డు మీద నర్సరీల పనికి కుదిరినవని మీ నాయన చెప్పిండు. సంబురమైంది. ఈ విల్లాలు లేవకముందు నుంచి మొక్కలమ్మినోణ్ణి, ఒక్క ముచ్చట విను. కొనేటోళ్లు పువ్వు చూస్తరు. నువ్వు ఆకు వెనక చూడాలె.

కడియం నర్సరీల లారీ దిగంగనే కొత్త మొక్కల్ని పాతవాటిల కలపకు. పది పదిహేను రోజులు దూరం పెట్టు. మందారం కొమ్మకు చీమలు బారు కట్టినయంటే పైన పిండినల్లి ఉన్నదేమో చూడు. అది కార్చే తీపి కోసమే వాటి పరుగు. ఆకు బంకబంకగా తగిలినా, మసి పట్టినా, దాని మీది ఆకు తిరగెయ్యి. గులాబీ పువ్వును తెల్లకాగితం మీద తట్టు. సన్నగ గీతల్లాంటివి ఉరికితే తామర పురుగులు. జామ అంటు కవరు విప్పి వేరు చూడు. బుడిపెలుంటే నులిపురుగులు. ఆ మొక్క నాటినోళ్ల నేలకే అంటుకుంటయి.

ఇవన్నీ తెలిసీ నేనే తప్పు చేసిన. ఓసారి మందారాలకు పిండినల్లి పట్టింది. లారీ కిరాయి యాదికొచ్చి, తడిగుడ్డతో తుడిచి అమ్మేసిన. నెలకు ఒకామె ఓ కొమ్మ తెచ్చి గల్లా మీద పెట్టింది. పెరట్ల బొప్పాయికి కూడా పాకిందట. పైసలు వాపసిస్తనన్న. "పైసలెందుకు, ఆనాడే ఒక మాట చెప్తే నేను కొనకపోదును గదా" అన్నది. ఆ మాట ఇంకా గుచ్చుతది.

నర్సరీ మొక్క ఎంత దూరం పోతదో, దాని మీది పురుగూ అంత దూరం పోతది. సర్పిలాకార తెల్లదోమనే చూడు. దాని పుట్టిల్లు మధ్య అమెరికా. 2016ల పొల్లాచి కొబ్బరి తోటల్ల బయటపడ్డది. సొంత రెక్కలతోని దూరం పోలేని ప్రాణి, మొక్కల బండ్లెక్కి కడియం దాకా వచ్చింది. కడియం మొక్క పోని ఊరేది?

పురుగు కనవడంగనే చేతికందిన మందు కొట్టకు. గట్టి మందులకు ఆ దోమను చంపే ఎన్కార్సియా అనే సన్న కందిరీగలు కూడా చస్తయి. ముందుగాల ఓనరుకు చెప్పు. గిరాకీ పోతదని కసురుకోవచ్చు. ఒక్క మొక్క కాడ చెప్తే ఒక్క మొక్కే పోతదను. మూడు ఫోటోలు తియ్యి: మొక్క మొత్తం, ఆకు పైన, ఆకు కింద. ఏ లోడుల వచ్చింది, ఎన్నిటికి పాకింది, ఎన్నడు చూసినవు, రాసిపెట్టు. ఉద్యానశాఖ అధికారికి చూపియ్యి. రైతులకైతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉన్నది, తెలుగుల మాట్లాడుతరు. రాజేంద్రనగర్‌ల జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ మనకు దగ్గరే. ఆకు తీసుకపోతే మాత్రం మూతి కట్టిన కవర్ల తీసుకపో. చూపియ్యబోయి దారి పొడుగునా చల్లకు.

వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు భూతద్దం తే. మన బాయికాడి మందారానికి రెండు రోజుల సంది చీమలెక్కుతున్నయి. నా కండ్లకు ఆనుతలేదు.

మీ తాత