పిల్ల డ్రామా చదువుతానంటోందా?

ఏమ్మా చెల్లాయ్, పిల్ల డ్రామా డిగ్రీ చేస్తానందని రెండు పూటలా అన్నం సయించడం లేదట! ముందు లేచి కాఫీ కలుపుకో, మాట్లాడుకుందాం. సిడ్నీలో మనవాళ్ళు నలుగురు చేరితే డాక్టరు, ఐటీ, అకౌంట్స్ తప్ప వేరే చదువు పేరు వినపడదు. నీ గుండె జారిందంటే ఆశ్చర్యం లేదు. కానీ నువ్వడిగిన మొదటి ప్రశ్న మాత్రం నాకు నచ్చలేదు. "దానికి సినిమా ఛాన్సులొస్తాయా అక్కా?" అన్నావు. పిల్ల అసలు సినిమా మాటే ఎత్తలేదు కదే!

అది ఏ చదువు అడుగుతోందో కూర్చోబెట్టి కనుక్కో. ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, నటనే పనిగా నేర్పేది. మన సిడ్నీలోనే కెన్సింగ్టన్‌లో నిడా ఉంది, 1958లో పెట్టారు. కేట్ బ్లాంచెట్ 1992లో అక్కణ్ణుంచే బయటికొచ్చింది. పెర్త్‌లో వాపా ఉంది. ఇలాంటి చోట్ల మార్కుల కన్నా ఆడిషనే ముఖ్యం. గొంతు, ఒళ్ళు, కదలిక, ఇవే రోజంతా సాధన. సీట్లు తక్కువ, వచ్చేవాళ్ళు బోలెడు. రాకపోతే పిల్లకి తెలివి లేదని కాదు, మళ్ళీ ఏడాది వెళ్ళేవాళ్ళు చాలామందే ఉంటారు. మన వుల్వరిన్ హ్యూ జాక్‌మన్ అయితే ముందు సిడ్నీలో కమ్యూనికేషన్స్ డిగ్రీ పూర్తి చేసి, ఆ తరవాతే వాపాలో చేరాడు. అక్కడ చదువు 1994లో ముగించాడు. ఈ ముక్క బావగారి చెవిన తప్పకుండా వెయ్యి!

రెండోది, సిడ్నీ యూనివర్సిటీలో లాగా బి.ఏ.లో థియేటర్, పెర్ఫార్మెన్స్ ప్రధాన సబ్జెక్టుగా తీసుకోవడం. ఇది నటుల్ని తయారుచేసే చదువు కాదు, ఆ సంగతి పిల్లకీ ముందే తెలియాలి. నాటకం ఎలా పుడుతుంది, జనం ఎందుకు చూస్తారు, పెళ్ళి తంతులోనూ కోర్టులోనూ ఎవరు ఏ వేషం కడతారు అని పరిశీలించే చదువు. ఆ విభాగానికి పునాది వేసిన గే మెకాలీ అనే ఆవిడ ఒక నాటకం రిహార్సల్స్‌ని మొదటి నుంచి చివరి దాకా పక్కన కూర్చుని గమనించి 2012లో పుస్తకం రాసింది. దాని పేరు ‘నాట్ మ్యాజిక్ బట్ వర్క్’. మాయ కాదు, పని! మనిళ్ళల్లో ఈ పని సంగతే ఎవరూ చూడరమ్మా. తెర ముందు నిలబడ్డ మనిషొక్కరే మన కంటికి ఆనుతారు.

తెర వెనకాల ఎంత మంది ఉంటారో చూడు. స్టేజి మేనేజర్, లైట్లు, సౌండు, దుస్తులు కుట్టేవాళ్ళు, సెట్ కట్టేవాళ్ళు. వీటికీ నిడాలో బ్యాచిలర్ డిగ్రీలున్నాయి. నన్నడిగితే మీ పిల్లలాంటి వాళ్ళు ముందు చూడాల్సింది వీటినే. బడి నాటకాల్లో అది వేషం కన్నా ఏర్పాట్ల మీద ఎక్కువ మోజు పడుతుందని నువ్వే చెప్పావు కదా. స్టేజి మేనేజరు పని నేర్చిన పిల్లకి పండగ వేడుకలూ, పెద్ద కచేరీలూ, కంపెనీ సభలూ అన్నీ పని చోట్లే. మన సురభి నాటకాల వాళ్ళని చూడు. 1885లో కడప జిల్లాలో మొదలైన ఆ కుటుంబాల్లో వేషం కట్టిన మనిషే తెరా లాగేవాడు, మాయలూ మంత్రాలూ చూపించే తీగలూ కట్టేవాడు. మనకిదేం కొత్త?

ఇక డబ్బు. ఇక్కడ జాగ్రత్తగా విను. 2021లో ఫీజుల పద్ధతి మార్చారు. ప్రభుత్వ సాయమున్న సీటులో చరిత్ర లాంటి సబ్జెక్టులకి పిల్ల కట్టాల్సింది ఏడాదికి 14,500 డాలర్లయింది, నాటకానికి 7,950. ఆ తరవాత కొంత పెరిగినా తేడా అలాగే ఉంది. అంటే డ్రామా చదువే చవక, నవ్వొస్తుంది కదూ! యూనిట్ల వారీగా లెక్క కడతారు కాబట్టి అది ఏ యూనిట్లు తీసుకుంటోందో చూసుకోండి. నిడా లాంటి చోట ఫీజుల లెక్క వేరు, అది విడిగా కనుక్కో. ఇంకో సంగతి, మనవాళ్ళు చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పీఆర్ ఉంటే సాయమున్న సీటు దొరుకుతుంది కానీ, హెక్స్ అనే చదువు అప్పు చాలావరకు సిటిజన్లకే. పీఆర్ వాళ్ళు ముందే చేతి నుంచి కట్టాలి. మీరు సిటిజన్‌షిప్ వాయిదా వేస్తూ వస్తున్నారు కదా, ఆ కాగితాలు ఈ వారమే బయటికి తీయండి. ఆ అప్పు కూడా సంపాదన ఒక స్థాయి దాటితేనే తీర్చాలి. 2025-26కి ఆ గీత 67,000 డాలర్లు. డ్రామా చదివిన పిల్లకి మొదటి ఏళ్ళలో అది పెద్ద ఊరట. ఆదాయం ఒక నెల నిండుగా, ఇంకో నెల సున్నా, అలా ఉంటుంది. ఆ మాట నీకు దాచను.

"మన మొహాలకి ఇక్కడ స్టేజి మీద చోటెక్కడ?" అని కూడా దిగులు పడ్డావు. శక్తిధరన్ అనే శ్రీలంక తమిళ కుటుంబపు కుర్రాడు తన వాళ్ళ కథతో ‘కౌంటింగ్ అండ్ క్రాకింగ్’ రాశాడు. 2019 జనవరిలో సిడ్నీ టౌన్ హాల్లో వేశారు, మూడు గంటలకి పైన నాటకం. అది ఎడిన్‌బరో, న్యూయార్క్ దాకా వెళ్ళింది. తెలుగు కుటుంబం కథ అలా ఎవరు రాస్తారో మరి!

బావగారు ఒప్పుకోరంటావు. ఆయనకి నటుడు బళ్ళారి రాఘవ అంటే ప్రాణం కదా, రాఘవ వృత్తికి వకీలేనని గుర్తు చెయ్యి. పిల్ల ఆడిషన్ కోసం నేర్చుకున్న ముక్క ముందు ఆయన ఎదుటే చెప్పించు. ఆయన ఫోను మాత్రం నీ దగ్గర పెట్టుకో.