పెట్టుడు గోళ్ళకు ముందు సొంత గోళ్ళ సంగతి

ఆషాఢంలో గోరింటాకు నూరి పెట్టుకోవడమే గోళ్ళ అలంకారంగా ఉన్న ఊళ్ళకు జెల్, అక్రిలిక్, అంటించే గోళ్ళు వచ్చి చేరాయి. నల్లమల అంచున ఉన్న అచ్చంపేటలో కూడా పెళ్ళి ముస్తాబంటే ఇప్పుడు గోళ్ళనూ కలిపే లెక్క. పార్లర్ దాకా పోనివాళ్ళకు జెల్‌ను ఆరబెట్టే ల్యాంపుతో సహా కిట్టు పార్శిల్‌లో ఇంటికే వస్తోంది. రంగు ఎట్లా వేయాలో చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు గాని, దాని కింద ఉండే సొంత గోరును ఎట్లా సిద్ధం చేయాలో చెప్పేవాళ్ళు తక్కువ. ఈసారి ప్రశ్నలన్నీ దాని చుట్టూనే.

ప్రశ్న: మాది అచ్చంపేట. మాఘమాసంలో మా చెల్లె పెళ్ళి. జెల్ గోళ్ళు వేయించుకుంటానంటున్నది. ముందుగా గోళ్ళను బాగా గరుకు చేయాలని, చుట్టూ ఉన్న తోలు కత్తిరించాలని ఎవరో చెప్పారట. అట్ల చేస్తే గోళ్ళు పాడు కావా?

జవాబు: గరుకు చేయడం కొంచెం అవసరమే. తోలు కత్తిరించడం మాత్రం అసలు అవసరం లేదు. జెల్ వల్ల గోళ్ళు పాడయ్యాయని వచ్చేవారిలో తరచూ నష్టం చేసింది పైపూత కాదు. వేసే ముందు జరిగిన గీకుడు, తీసేటప్పుడు జరిగిన పీకుడు.

చేతిగోరు మందం దాదాపు అర మిల్లీమీటరు. కెరాటిన్ అనే మాంసకృత్తుతో నిండిన చచ్చిన కణాలు పొరలు పొరలుగా అతుక్కుని ఉండే పలక అది. దానిలో ప్రాణం లేదు కాబట్టి చర్మంమీది గాయం మానినట్టు మానదు. గీకి పలచబరిచిన చోట తిరిగి మందం రాదు; వేరు దగ్గర పుట్టిన కొత్త గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున ముందుకు జరిగి, పాతది కత్తిరించుకుపోవాలి. చేతిగోరు పూర్తిగా మారడానికి దాదాపు 6 నెలలు, కాలి బొటనవేలి గోరు మారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అంటే మాఘంలో అరగదీసిన గోరు శ్రావణం వస్తేగాని కోలుకోదు.

ఇక తోలు సంగతి. గోరు మొదట్లో కనిపించే సన్నని పొరను క్యూటికిల్ అంటారు. కిటికీ అద్దం చుట్టూ పెట్టిన లప్పంలాగా అది గోటికీ చర్మానికీ మధ్య సందును మూసి ఉంచుతుంది. దాన్ని కత్తిరిస్తే ఆ సందులోంచి నీళ్ళు, బ్యాక్టీరియా, బూజు లోపలికి దిగుతాయి. గోరుచుట్టు లేవడానికి అంతకంటే సులువైన దారి లేదు. పెళ్ళికి నాలుగు రోజుల ముందు వేలు వాచి చీముపడితే ఆ పిల్ల పడే బాధ ఎంతో చూసినవాళ్ళకు తెలుసు. గోటి పలకమీదికి పాకి అంటుకున్న ఎండు పొరను మాత్రం తీయవచ్చు. జెల్ పట్టకుండా చేసేది అదే. చెక్క పుల్లతో, నొప్పి లేకుండా, మెల్లగా వెనక్కి నెడితే చాలు. రక్తం కనిపించిందంటే బతికున్న చర్మం తెగిందన్నమాట. ఆ వేలికి ఆ రోజు ఏమీ వేయకూడదు.

పెళ్ళింట్లో పనుల వరుస కూడా చూసుకోవాలి. నలుగు నూనె, పసుపు, మెహందీమీద రాసే నీలగిరి తైలం గోళ్ళకు అంటుకుని ఉంటే జెల్ సరిగా పట్టదు. కాబట్టి గోరింటాకు, పసుపు ముందు అయిపోనిచ్చి, ఒకరోజు విడిచి గోళ్ళకు కూర్చోవడం మేలు. గోరింటాకు ఎరుపు పోగొట్టాలని గోరును రుద్దవద్దు. ఆ రంగు కెరాటిన్‌కే పట్టుకుని ఉంటుంది. రుద్దితే పోయేది గోరే.

కూర్చున్నాక చేతులను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టడం చాలాచోట్ల అలవాటు. జెల్‌కు ముందు అది వద్దు. గోరు నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. ఆ తడిమీద పూత వేస్తే, ఆరి ముడుచుకున్నప్పుడు అంచులు లేస్తాయి. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. పాత రంగు తీసేయాలి. గోళ్ళను పొట్టిగా కత్తిరించి, 180 లేదా 240 నంబరు ఫైలుతో ఒకే వైపుకు రుద్దుతూ అంచు దిద్దాలి. 100 నంబరు ఫైలు అక్రిలిక్‌ను అరగదీయడానికే గాని సొంత గోటికి కాదు. తర్వాత మెత్తని బఫర్‌తో పైన ఉన్న మెరుపు పోయేదాకా మాత్రమే రుద్దాలి. నాలుగైదు సార్లు తేలికగా పోనిస్తే సరిపోతుంది. కరెంటుతో తిరిగే మిషన్ ఈ పనికి వద్దనే చెప్పాలి. గోరు వేడెక్కినా, మండినా, కింద ఎర్రగా కనిపించినా అప్పటికే ఎక్కువైంది. పొడి దులిపి, దారాలు ఊడని గుడ్డతో గోటిమీది జిడ్డు, తడి తీసే ద్రావణం అద్ది తుడవాలి. ప్రైమర్ వాడితే ఒక చుక్క, గోటిమీదే, చర్మానికి తగలకుండా. జెల్ కూడా పలచని పొరలుగా, చర్మానికి వెంట్రుక వాసి ఎడం ఉంచి వేయాలి. ల్యాంపు కింద మంట పుడితే చేయి వెంటనే బయటికి తీయాలి; ఓర్చుకోవలసిన మంట కాదది.

పనిముట్ల విషయంలో మొహమాటం పనికిరాదు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో, పైకి ఏమీ కనిపించని ఉపరితలంమీద కనీసం 7 రోజులు బతుకుతుంది. ఇనుప పనిముట్లను సబ్బుతో తోమి, ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో పెట్టాలి. ఫైలు, బఫర్, చెక్క పుల్లలను శుద్ధి చేయడం కుదరదు, ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడకూడదు. పెళ్ళికూతురు తనవి తాను కొనుక్కుని వెళ్ళడం అన్నిటికంటే నయం.

ప్రశ్న: కిట్టు తెప్పించుకుని ఇంట్లోనే జెల్ వేసుకుంటున్న. మొదట రెండుసార్లు ఏమీ కాలేదు. ఇప్పుడు గోళ్ళ చుట్టూ దురద, చిన్న పొక్కులు. కనురెప్పలు కూడా ఎర్రబడుతున్నయ్. బ్రాండు మారిస్తే తగ్గుతుందా?

జవాబు: చాలావరకు తగ్గదు. ఈ లక్షణాలు జెల్‌లో ఉండే అక్రిలేట్ల అలర్జీవిగా కనిపిస్తున్నాయి. ఆరని జెల్ చర్మానికి పదే పదే తగిలితే శరీరం దాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. మొదటిసారే రాకపోవడం ఈ అలర్జీ స్వభావం. వేళ్ళతో ముఖం తాకుతాం కాబట్టి కనురెప్పలమీదా తేలుతుంది. ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

అక్రిలిక్ గోళ్ళు పుట్టిందే పంటి వైద్యం నుంచి. 1954లో అమెరికాలో ఫ్రెడ్ స్లాక్ అనే దంతవైద్యుడు విరిగిన తన గోటిని పళ్ళకు వాడే అక్రిలిక్‌తో అతికించుకున్నాడు. ఆ చుట్టరికం ఇప్పటికీ ఉంది. పళ్ళలో నింపే పదార్థాలు, కీళ్ళ మార్పిడిలో వాడే సిమెంటు, మధుమేహ రోగుల ఒంటికి అంటించే కొన్ని సెన్సార్ల జిగురు అన్నీ ఈ అక్రిలేట్ల కుటుంబానివే. పాతికేళ్ళ వయసులో సరదాగా తెచ్చుకున్న అలర్జీ అరవైలో మోకాలి ఆపరేషన్ రోజున అడ్డుపడవచ్చు. అందుకే ఎక్కువగా అలర్జీ తెచ్చే హెమా అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ శిక్షణ పొందినవారి వాడకానికే పరిమితం చేసింది; జెల్‌ను గట్టిపరచడానికి కలిపే టీపీఓను మరో కారణంతో 2025 సెప్టెంబర్ 1 నుంచి నిషేధించింది.

ఇప్పుడు చేయవలసింది: జెల్ తీసేయడం, మళ్ళీ వేయకపోవడం, చర్మవైద్యులను కలిసి ప్యాచ్ పరీక్ష చేయించుకోవడం. పంటికి గాని, ఆపరేషన్‌కు గాని వెళ్ళినప్పుడు ఈ అలర్జీ సంగతి తప్పక చెప్పాలి. మామూలు నెయిల్ పాలిష్ కొందరికి సరిపడుతుంది, అదీ పరీక్ష తర్వాతే.

ప్రశ్న: సీజన్లో పత్తి ఏరతా, పల్లికాయ తెంపుతా. గోళ్ళు పలచబడి పొరలుగా లేస్తున్నయ్. మా కోడలు జెల్ వేస్తే గట్టిపడతయ్ అంటున్నది.

జవాబు: కోడలు ప్రేమతో చెప్పిన మాటే, కాని జెల్ గోరును గట్టిపరచదు, బలహీనమైన గోరును కప్పుతుంది. తీసేటప్పుడు ఆ పలచని పొరలు దానితోపాటే ఊడివస్తాయి. ఎండిన పత్తికాయ మొనలు గుచ్చుకుని, మట్టి, తడి, ఎండ మారి మారి తగిలి గోరు చిట్లుతుంది. రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె గాని వాజిలిన్ గాని గోరు మొదట్లో రాయడం, గిన్నెలు తోమేటప్పుడు రబ్బరు తొడుగులు వాడడం, గోళ్ళు పొట్టిగా ఉంచుకోవడం చవకైన మందులు.

అంతకంటే ముఖ్యమైన సంగతి రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తం తక్కువ. తెలంగాణ లెక్క కూడా దానికి దగ్గర్లోనే ఉంది. గోరు మధ్యలో గుంటపడి, నీటిచుక్క వేస్తే జారకుండా నిలిచిందంటే ఇనుము బాగా తగ్గి ఉండవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. దుకాణంలో అడిగి బయోటిన్ మాత్రలు మింగడం దీనికి బదులు కాదు. పెద్ద మోతాదు బయోటిన్ థైరాయిడ్, గుండెపోటు పరీక్షల ఫలితాలను తారుమారు చేయగలదని 2017లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

రంగు వేయించుకునే ఎవరైనా ముందు పగటి వెలుతురులో గోళ్ళను ఒకసారి చూసుకోవాలి. పసుపుపచ్చగా మందమైన పుప్పిగోళ్ళు, పాచిరంగు మరక, గోరు కిందినుంచి లేచిపోవడం ఉంటే వైద్యం తర్వాతే అలంకారం; కప్పిపెడితే బూజు, బ్యాక్టీరియా అక్కడే పెరుగుతాయి. ఛామనఛాయ, నల్లని ఒంటివారి గోళ్ళమీద నిలువుగా సన్నని గోధుమ గీతలు మామూలే. ఒకే వేలికి కొత్తగా వచ్చి వెడల్పవుతున్న నల్లగీతను, ముఖ్యంగా మచ్చ చర్మంమీదికి పాకితే, ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపాలి. అరుదుగా అది క్యాన్సర్ కావచ్చు.

ప్రశ్న: నర్సింగ్ చదువుతున్నా. డ్యూటీలో జెల్ గోళ్ళు ఎందుకు వద్దంటారు? గ్లౌజులు వేసుకుంటాం కదా!

జవాబు: 1997-98లో అమెరికాలోని ఓక్లహోమా నగరంలో, నవజాత శిశువుల ఐసీయూలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా 46 మంది శిశువులకు సోకింది, వారిలో 16 మంది చనిపోయారు. అంతు వెతికినవారికి పొడుగు గోళ్ళు, పెట్టుడు గోళ్ళు ఉన్న నర్సుల చేతులతో ఆ సూక్ష్మజీవికి సంబంధం కనిపించింది. రోగులను తాకేవారు పెట్టుడు గోళ్ళు వాడవద్దని, సొంత గోటి కొస అర సెంటీమీటరు లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో ఉంది. గ్లౌజులు చిరుగుతాయి, వాటిలోపల గోటి కింద తడి నిలుస్తుంది. సెలవుల్లో సరదా తీర్చుకుని, డ్యూటీకి ముందు సరిగ్గా తీయించుకోవాలి.

ఆపరేషన్‌కు, కాన్పుకు వెళ్ళేవారికీ ఒక మాట: వేలికి పెట్టి ఆక్సిజన్ కొలిచే యంత్రాన్ని ముదురు రంగులు, దట్టమైన గోరింటాకు తికమక పెట్టగలవు. ఒకటి రెండు వేళ్ళు ఖాళీగా ఉంచాలి.

ప్రశ్న: ల్యాంపు కిరణాలతో క్యాన్సర్ వస్తుందా?

జవాబు: 2023 జనవరిలో కాలిఫోర్నియాలోని శాన్ డియాగో పరిశోధకులు ప్రయోగశాలలో పెంచిన కణాలను ఆ వెలుతురులో ఒకేసారి 20 నిమిషాలు ఉంచితే 20 నుంచి 30 శాతం చనిపోయాయి, మిగిలినవాటి డీఎన్ఏ దెబ్బతింది. గిన్నెలోని కణాలు వేరు, చర్మం కప్పిన చేయి వేరు. కాబట్టి భయం వద్దు, జాగ్రత్త కావాలి. వేళ్ళ కొసలు కత్తిరించిన తొడుగులు వేసుకుంటే సరిపోతుంది. సన్‌స్క్రీన్ రాస్తే గోళ్ళమీద పడనివ్వకూడదు. డాక్సీసైక్లిన్ వాడుతున్న రోజుల్లో ల్యాంపు మానుకోవాలి. ఆ మందుకు వెలుతురు తోడైతే గోరు కిందినుంచి లేచిపోవచ్చు.

ప్రశ్న: బతుకమ్మకు మా పాప అంటించే గోళ్ళు కావాలంటున్నది. ఫెవిక్విక్‌తో అంటించవచ్చా?

జవాబు: వద్దు. గోళ్ళ జిగురూ, ఇంట్లో వాడే ఆ జిగురూ సైనోఅక్రిలేట్ జాతివే అయినా, రెండోది ఒంటికోసం చేసింది కాదు. ఈ జిగురు నూలు బట్టమీద ఒలికితే చర్మం కాలేంత వేడి పుడుతుంది. బట్టలమీద పడి తొడ బొబ్బలెక్కిన పిల్లల ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పిల్లలకు జిగురు పూసిన స్టిక్కర్లతో వచ్చేవి, ఒక్కపూటకు, చాలు. సాయంత్రం వాటిని లాగకుండా సబ్బు నీళ్ళలో నాననిచ్చి తీయాలి. పెద్దవారి జెల్‌కైతే అసిటోన్ తడిపిన దూదిని గోటిమీద పెట్టి, రేకు చుట్టి 10, 15 నిమిషాలు ఆగాలి. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి పొయ్యికి, దీపానికి దూరంగా, గాలి ఆడేచోట కూర్చోవాలి. జిగురు వేళ్ళకు అంటితే బలవంతంగా విడదీయవద్దు, గోరువెచ్చని సబ్బు నీళ్ళలో ఉంచితే మెల్లగా వదులుతుంది. కంట్లో పడితే రెప్పలను లాగకుండా నీళ్ళతో కడుగుతూ వెంటనే కంటి వైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి.