జమాఖర్చులు పాడిన తహసీల్దారు: భక్త రామదాసు

శ్రీరామనవమి వచ్చిందంటే మన భద్రాచలం వీధుల్లో ఏ మైకు విన్నా రామదాసు కీర్తనలే. పల్లవులు మనందరికీ నోటికి వచ్చు. చరణాల దాకా వెళ్ళేవారు తక్కువ. అసలు రుచి చరణాల్లోనే ఉందని నా అభిప్రాయం.

పాట తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడేవాడిని వాగ్గేయకారుడు అంటారు. ఇలాంటివారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఫ్రాన్సులో మాటకు ప్రాధాన్యమిచ్చే పాటను షాన్సన్ అంటారు. గిటారు పట్టుకొని సొంత పాటలు పాడిన జార్జ్ బ్రాసెన్స్ (1921-1981)కు 1967లో ఫ్రెంచి అకాడమీ కవిత్వ బహుమతినిచ్చింది. పాటగాడు కూడా కవేనని అక్కడి పండితులు ఒప్పుకొన్నారన్నమాట. ఆయన విల్లాన్ అనే పాతకాలపు కవి పద్యానికి కూడా బాణీ కట్టాడు. ఆ విల్లాన్ 1461లో జైలులో గడిపినవాడు. జైలుకు వెళ్ళిన కవి మన ప్రాంతంలోనూ ఉన్నాడు.

ఆయన అసలు పేరు కంచెర్ల గోపన్న. ఖమ్మం దగ్గరి నేలకొండపల్లిలో 17వ శతాబ్దంలో జన్మించాడు. తండ్రి లింగన్న పేరును దాశరథీ శతకంలో తానే చెప్పుకున్నాడు. మేనమామలైన అక్కన్న, మాదన్నలు గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రులు. వారి వల్లనే గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం వచ్చిందంటారు. తహసీలు అంటేనే వసూలు. శిస్తు వసూలు చేసి, లెక్క రాసి, గోల్కొండ ఖజానాకు పంపడం ఆయన పని.

ఇక్కడ ఒక పేరు మరువరాదు. స్థలపురాణం ప్రకారం భద్రాద్రి రాముని విగ్రహాలను పుట్టలో మొదట చూసింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ. ఆమె తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టి కొలిచింది. గోపన్న వచ్చేసరికే అక్కడ దేవుడున్నాడు, పూజ ఉంది. లేనిది రాతిగుడి మాత్రమే.

ఆ గుడి కట్టడానికి గోపన్న శిస్తు సొమ్ము వాడాడు. ఆరు లక్షలని జనం చెప్పుకునే లెక్క. నవాబు అనుమతి తీసుకోలేదని, సొమ్ము తిరిగి కట్టలేకపోయాడని గోల్కొండ కోటలో బంధించారు. పన్నెండేళ్ళు ఖైదులో ఉన్నాడంటారు. తానీషా పాలించింది 1672 నుండి 1687 వరకు, అంటే పదిహేనేళ్ళే. ఆ లెక్కన నవాబు గద్దెనెక్కిన కొద్దికాలానికే గోపన్న జైలుకు వెళ్ళి ఉండాలి. మేనమామలు మంత్రులుగా ఉండి కూడా విడిపించలేకపోయారు. కోటకు వెళ్ళినవారికి నేటికీ రామదాసు బందీఖానా చూపిస్తారు. గోడమీద చెక్కిన సీతారామలక్ష్మణుల బొమ్మలు, హనుమంతుని బొమ్మ ఉంటాయి.

‘ఇక్ష్వాకు కులతిలక’ అనే కీర్తన చరణాలు ఒకసారి చదవండి. అది తహసీల్దారు చిట్టాయే! భరతునికి పచ్చల పతకం, శత్రుఘ్నునికి మొలతాడు, లక్ష్మణునికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, ఒక్కోదానికి ఎంత పట్టిందో వరహాల్లో, మొహరీల్లో చెబుతాడు. (చాలావరకు అన్నీ పదివేలే. నిజం లెక్కకాదు, దుఃఖంలో చెప్పిన లెక్క.) అంతటితో ఆగడు. దశరథుణ్ణీ, జనకుణ్ణీ మధ్యలోకి లాగి మరీ ఎత్తిపొడుస్తాడు. చివరికి దెబ్బలకు ఓర్వలేక తిట్టానని చెప్పుకొని బతిమాలుకుంటాడు. దేవుడితో బాకీ తగాదా పెట్టుకున్న భక్తుడు!

‘నను బ్రోవమని చెప్పవే’ మరో తీరు. రాముడు పలకకపోయేసరికి సీతమ్మ దగ్గరకు వెళ్ళాడు. ఏకాంతంగా ఉన్న సమయం చూసి తన సంగతి చెప్పమంటాడు. వార్డెను గారిని అడగడానికి భయపడి వారి ఇంట్లో అమ్మగారితో చెప్పించుకునే ఉపాయం మనకు కొత్తదేమీ కాదు. పదేళ్ళు ఇతరుల అర్జీలు చూసినా, పది రోజులు చూసినా, అర్జీ ఎవరి చేతిలో పెడితే కదులుతుందో తహసీల్దారుకు తెలియదా?

ఇదే మనిషి దాశరథీ శతకంలో ఉత్పలమాల, చంపకమాలల్లో పెద్ద పెద్ద సమాసాలతో పద్యాలు నడిపాడు. కనుక కీర్తనల్లో ఇంటి భాష వాడింది చేతకాక కాదు. అర్జీ ఎవరికైనా అర్థమయ్యేలా ఉండాలి.

ఇక తప్పొప్పుల సంగతి. సినిమాల్లోనూ హరికథల్లోనూ నవాబును దుర్మార్గుడిగా చూపించడం నాకు నచ్చదు. ప్రజలు కట్టిన శిస్తు ఖజానాకు చేరకపోతే ఏ ప్రభుత్వమైనా అడుగుతుంది. మంచి పనికే ఖర్చయినా లెక్క లెక్కే. రామదాసు కూడా ఖర్చు పెట్టలేదని ఎక్కడా బుకాయించలేదు, తీర్చలేకపోతున్నానని ఏడ్చాడు. అయితే బాకీకి శిక్షగా ఒక మనిషి జీవితంలో పన్నెండేళ్ళు తీసుకోవడం న్యాయమా అన్నది వేరే ప్రశ్న. రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా రాత్రివేళ వచ్చి సొమ్ము కట్టి రసీదు తీసుకున్నారని కథ. కథలో కూడా రసీదు ఉంది, గమనించారా! తానీషా కాలం నుండే సీతారామ కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం మొదలైందంటారు. ప్రభుత్వం నేటికీ పంపుతోంది.

ఔరంగజేబు 1687లో గోల్కొండను పట్టుకున్నాడు. రాజ్యం పోయినా పాటలు భజన బృందాల నోట నిలిచాయి. త్యాగరాజు తన కీర్తనల్లో రామదాసును తలచుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గళంలో, ఆకాశవాణి ద్వారా ఇంటింటికీ చేరాయి. రామదాసు స్వయంగా స్వరపరచి రాసిపెట్టిన ప్రతి మనకు లేదు. అందుచేత ఒకే కీర్తన రేడియోలో ఒక రాగంలో, మన ఊరి భజన మందిరంలో తాళాలకు తగ్గట్టు మరో వరుసలో వినిపిస్తుంది. మీ ఊళ్ళలో పెద్దవారు పాడే వరుసలు వేరుగా ఉంటే, ఈ వేసవి సెలవుల్లో చరణాలతో సహా రాసుకొని రండి.