ఒక బొట్టు అత్తరు: కువైట్ పాఠకుల ప్రశ్నలు - జవాబులు

కువైట్‌లో ఏ ఇంటి గుమ్మం ఎక్కినా మనిషి కంటే ముందు వాసన పలకరిస్తుంది. దీవానియా అనే అతిథుల గదిలో ఊద్ పొగ, లిఫ్టులో ఎవరో వదిలివెళ్లిన గులాబీ, సూక్‌లో (బజారులో) చేయి చాపమని పిలిచే అత్తరు దుకాణదారు. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి వెళ్లి అక్కడ పనిచేసుకుంటున్న పాఠకులు ఈసారి పంపిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అత్తర్ల గురించే. స్ప్రే కొట్టుకునే సెంట్ల సంగతి కాదు, బొట్టు లెక్కన ఒంటికి రాసుకునే నూనెల సంగతి. అందుకే ఈ సంచికలో ప్రశ్నలన్నీ వాటి మీదే.

ప్రశ్న: సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తున్నాను. మాది రాజంపేట దగ్గర పల్లె. రంజాన్ పండక్కి మా మామా (యజమానురాలు) వేలెడంత సీసాలో ఊద్ నూనె ఇచ్చింది. మూత తీస్తే పశువుల కొట్టం వాసన! పాడైపోయిందేమో అని పక్కన పెట్టేశాను. పారేయమంటారా?

జవాబు: పారేయకండమ్మా. అది పాడైపోలేదు. ఆ కొట్టం వాసనే ఆ నూనెకు పుట్టుమచ్చ.

గల్ఫ్ వ్యాపారులు ఈ రకాన్ని 'హిందీ ఊద్' అంటారు. మన ఈశాన్యంలో, ముఖ్యంగా అస్సాంలో పెరిగే అగరు చెట్టు దీనికి మూలం. చెట్టుకు గాయమై లోపల బూజు చేరితే, దాన్ని అడ్డుకోవడానికి చెట్టు ఒక రకం జిగురు ఊరుస్తుంది. తెల్లగా, తేలిగ్గా ఉండే చెక్క ఆ జిగురు పట్టి నల్లబడుతుంది, బరువెక్కుతుంది. ఆ నల్ల చెక్కను చితక్కొట్టి, రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, బట్టీలో ఆవిరి పట్టి నూనె తీస్తారు. నానేటప్పుడు చెక్క పులుస్తుంది. సీసా మూతి దగ్గర మీ ముక్కుకు తగిలింది ఆ పులుపే. కంబోడియా రకమైతే మాగిన పండులా తియ్యగా మొదలవుతుంది, కొత్తవాళ్లకు తొందరగా నచ్చుతుంది. హిందీ ఊద్ నచ్చాలంటే కాస్త ఓపిక కావాలి.

పని లేని రోజు చూసుకుని, స్నానం చేశాక, మూతకున్న గాజుపుల్లతో ఒకే ఒక్క బొట్టు మణికట్టు లోపలివైపు పెట్టుకోండి. రెండో మణికట్టుతో మెల్లగా అద్దండి, అంతే. గట్టిగా రుద్దితే ఆ వేడికి పైపై వాసనలు ముందే ఎగిరిపోతాయి. పావుగంట దాకా చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకోవద్దు. అరగంటకు కొట్టం వాసన వెనక్కి తగ్గి, కొత్త తోలుచెప్పుల వాసన, దాని వెనకే పొగ వస్తాయి. మూడు నాలుగు గంటలయ్యాక పొడి చెక్క, అడుగున సన్నగా తేనె తీపి. మర్నాడు పొద్దున రవికె చేతి అంచు వాసన చూడండి, ఇంకా ఉంటుంది. మొదటి నిమిషంలో ఉన్నదానికీ చివర మిగిలినదానికీ పోలికే ఉండదు. కువైటీలు అంత డబ్బు పోసి కొనేది ఈ మార్పు కోసమే.

అతిథులు లేచే వేళకు మబ్ఖరా అనే ధూపపాత్రలో బొగ్గు రాజేసి, ఊద్ చెక్క వేసి అందించే పని మీకు అలవాటే అయి ఉంటుంది. ఊద్ తిరిగిందంటే ఇక సెలవు తీసుకోవచ్చని అక్కడి మర్యాద. అంత గౌరవం ఉన్న వస్తువును పండగ కానుకగా ఇచ్చారంటే మీ మీద ఆ ఇల్లాలికి మంచి అభిమానమే ఉంది. రూములో ఎవరైనా అడిగితే అయిదో పదో దీనార్లకు ఇచ్చేయకండి. ఇంకో మాట. అస్సాంలోని హోజాయ్ అగరు వ్యాపారానికి పెట్టింది పేరు. ఆ ఊరి హాజీ అజ్మల్ అలీ 1951లో మొదలుపెట్టిన వ్యాపారమే ఇప్పుడు గల్ఫ్ మాల్స్‌లో 'అజ్మల్' పేరుతో కనిపించే దుకాణాలు. మీ చేతిలోని ఆ సీసా కూడా మన దేశం నుంచే వచ్చి ఉండవచ్చు.

ప్రశ్న: ఫర్వానియాలో ఉంటాను, డ్రైవర్ పని. మొన్న శుక్రవారం ముబారకియా సూక్‌లో పావు తులం తెల్ల కస్తూరి అత్తరు కొన్నాను. దుకాణంలో ఘుమఘుమలాడింది. బస్సెక్కేసరికి నాకేమీ తెలియలేదు. రూములో వాళ్లు మాత్రం 'ఏం రాసుకున్నావ్ బావా' అని అడుగుతున్నారు. మోసపోయానా?

జవాబు: రూములో వాళ్లకు తగులుతోందంటే అత్తరు మీ ఒంటి మీదే ఉంది. అలసిపోయింది మీ ముక్కు. ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే కొద్ది నిమిషాల్లోనే ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. తెలియట్లేదు కదా అని ఇంకో రెండు బొట్లు రాసుకునేది ఇక్కడే. పక్క సీటాయన కారు అద్దం దించుకునేది కూడా అప్పుడే.

రెండో కారణం నూనె స్వభావం. స్ప్రేలో ఆల్కహాల్ ఆవిరైపోతూ వాసనను గదంతా మోసుకుపోతుంది. నూనెలో ఆ మోత లేదు. ఒంటిని అంటిపెట్టుకుని, మూరెడు దూరంలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. అత్తరు గొప్పదనం అదేనని ఈ శీర్షిక అభిప్రాయం. పలకరించడానికి దగ్గరకొచ్చినవారికి మాత్రమే అందాలి.

మూడోది కస్తూరి సంగతి. మనుచరిత్రలో హిమాలయాల్లో దారితప్పిన ప్రవరుడు, మనిషి కనబడకముందే కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు వాసన పట్టి అక్కడెవరో ఉన్నారని పోల్చుకుంటాడు. అది కస్తూరి జింక నుంచి వచ్చింది. ఇప్పుడు ఆ జింకకు చట్టం కాపలా ఉంది. దుకాణాల్లో అమ్మే తెల్ల కస్తూరి ప్రయోగశాలలో తయారైంది. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పేలుడు పదార్థాల మీద పనిచేస్తుండగా కస్తూరి వాసన వేసే పదార్థం ఒకటి బయటపడింది. కృత్రిమ కస్తూరి కథ అక్కడ మొదలు. ఉతికి ఆరేసిన బట్టల్లా శుభ్రంగా ఉండే ఈ వాసనల్లో కొన్ని, కొందరి ముక్కుకు అసలు అందవు. అది జబ్బు కాదు. మీ ముక్కు అలాంటిదే అయితే ఎంత ఖరీదైన తెల్ల కస్తూరి కొన్నా మీకు దక్కేది తక్కువే. గులాబీ వైపో చందనం వైపో వెళ్లండి.

ఈసారి కొనేటప్పుడు మూడు రకాలకు మించి వాసన చూడొద్దు. ఒకటి ఎడమ చేతికి, ఒకటి కుడి చేతికి రాయించుకుని డబ్బు ఇవ్వకుండా బయటికొచ్చేయండి. ముబారకియాలో తిరగడానికి ఖర్జూరాల వరుస ఉంది, చేపల మార్కెట్ ఉంది, కూర్చుని కబాబ్ తినడానికి చోటుంది. గంటన్నర పోయాక ఏ చెయ్యి మళ్లీ మళ్లీ వాసన చూడాలనిపిస్తే ఆ అత్తరు కొనండి. 'ప్యూర్' అన్న మాటకు విలువ కట్టొద్దు. చాలా అత్తర్లలో పలచన చేసే ద్రవం ఎంతోకొంత కలుస్తుంది. అది దానంతట అది మోసం కాదు, ఊద్ ధర చెప్పి అది అమ్మితేనే మోసం. కాగితం మీద చుక్క వేసి మరక చూసి స్వచ్ఛత తేల్చేస్తామనే వాళ్లనూ నమ్మొద్దు.

అన్నట్టు, అక్కడ పావు తులం అంటే సుమారు 3 మిల్లీలీటర్లు, తులం సీసాలో 12 దాకా పడుతుంది. అరబ్బుల అంగట్లో మన తులం ఏమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. 1961లో దీనార్ వచ్చేదాకా కువైట్‌లో చెల్లినది రూపాయే. బొంబాయి ఓడలతో వెళ్లిన కొలతల్లో ఇదొకటి, అత్తరు దుకాణాల్లో ఇప్పటికీ నిలిచి ఉంది.

ప్రశ్న: నేను నర్సును. మల్లె అత్తరంటే ప్రాణం. 'పూర్తిగా సహజమైనది' అని అమ్మారు. అయినా మెడ మీద దద్దుర్లొచ్చాయి. డ్యూటీకి రాసుకెళ్లొచ్చా?

జవాబు: డ్యూటీకి వద్దు. ఉబ్బసం ఉన్నవారికి, కీమో తీసుకుంటున్నవారికి మంచి వాసన కూడా బాధే అని మీకు వేరే చెప్పాలా! సహజమైనదైతే ఒంటికి పడుతుందన్నది నిజం కాదు. పూలనూనెల్లో పుట్టుకతోనే ఉండే లినలూల్, జెరానియోల్ లాంటివి ఎలర్జీ తెచ్చేవాటిలో ఉన్నాయి. ఐరోపాలో వాటిని సీసా మీద రాసి తీరాలి. దద్దుర్లు పూర్తిగా తగ్గేదాకా ఏ అత్తరూ మెడకు రాయొద్దు. తగ్గకపోతే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. కొత్తది కొంటే మోచేతి మడతలో ఒక్క బొట్టు పెట్టి రెండు రోజులు ఆగి చూడండి. చున్నీ కొసకు రాసుకోవడం ఇంకో దారి, ఒంటికి తగలకుండా చూసుకోవాలి. లేత రంగు బట్టయితే మరక పడుతుంది.

ప్రశ్న: అహ్మదీలో సైట్ ఇంజినీరును. జూలై ఎండల్లో ఏ అత్తరు రాసుకున్నా గంటకే తలనొప్పి. వేసవికి ఏది మంచిది?

జవాబు: అక్కడి ఎండ మామూలు ఎండ కాదు. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆ వేడికి నూనె ఒంటి మీద నిదానంగా విచ్చుకోదు, ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. చలికాలంలో హాయిగా ఉండే అంబర్, ఊద్, కుంకుమపువ్వు కలిపిన మిశ్రమాలు వేసవిలో గొంతు పట్టుకుంటాయి. వాటిని డిసెంబరుకు దాచుకోండి.

వేసవికి మన పాతవాళ్లు ఎంచుకున్నది వట్టివేరు. తడికల మీద నీళ్లు చల్లుకున్న ఇళ్లలో పెరిగినవారికి ఆ చల్లదనం చెప్పక్కర్లేదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో రాగి డేగ్‌లలో (బట్టీ పాత్రల్లో) తీసిన వట్టివేరు నూనె కాస్త పచ్చరంగు తేలి ఉంటుంది. మొదట ఘాటైన మట్టివేరు వాసన, తర్వాత తడి గడ్డి, చివరికి పొడిగా, దాదాపు చేదుగా ఆగుతుంది. చెమటతో గొడవపడదు.

దాని పక్కనే చెప్పుకోవాల్సింది మట్టి అత్తరు. కాల్చిన మట్టి బిళ్లల్ని డేగ్‌లో వేసి, ఆవిరిని చందనం నూనెలోకి పట్టిస్తారు. తొలకరి పడ్డప్పుడు రాయలసీమ చేల మీద లేచే వాసనే అది. ఆ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బేర్, థామస్ 1964లో తమ పరిశోధన ప్రచురించినప్పుడు, కన్నౌజ్ వాళ్లు దాన్ని అప్పటికే సీసాల్లో పట్టి అమ్ముతున్నారని గుర్తించారు. వాన కోసం నెలల తరబడి ఎదురుచూసే ఎడారిలో ఇది ఒక్క బొట్టు చాలు.

మొగలిపువ్వు మూడోది. ఒడిశాలోని గంజాం జిల్లా దీనికి పుట్టిల్లు. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ప్రాంతం, బరంపురం తెలుగువారికి బాగా తెలిసిన వాసన. మగపువ్వు నుంచే అత్తరు తీస్తారు. చాలా చురుకైనది, పచ్చిగా, తియ్యగా దూసుకొస్తుంది. ఇది సైట్‌కు కాదు, సాయంత్రానికి.

ఒక జాగ్రత్త. నిమ్మ, బెర్గమోట్ జాతి నూనెలు రాసుకుని ఎండలోకి వెళ్లొద్దు. వాటిలోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి, నల్ల మచ్చలు నెలల తరబడి పోవు. అత్తరును బనియన్ లోపలివైపు, ఛాతీ దగ్గర రాసుకోండి. సీసాను కారులో మాత్రం వదలకండి. ఆ వేడికి ఒక్క వేసవిలోనే పూలనూనె పాడవుతుంది.

ప్రశ్న: మాది రైల్వేకోడూరు. జలీబ్‌లో ఒకాయన 'ఎర్రచందనం అత్తరు' అంటూ అమ్ముతున్నాడు. మన శేషాచలం సరుకేనట. కొనొచ్చా?

జవాబు: వద్దు. ఎర్రచందనానికి వాసన ఉండదు. మీ ఊరి అడవి అంచున దుంగ చూసిన ఎవరినడిగినా చెబుతారు. రంగుకు, చెక్క గట్టిదనానికి, వాద్యాలకు దానికి గిరాకీ. అత్తరుకు పనికొచ్చేది వేరే జాతి చెట్టు, శ్రీగంధం. దాని చేవ నుంచి తీసిన నూనె పాలమీగడలా మెత్తగా ఉంటుంది, అరవదు, గంటల తరబడి ఒకే తీరుగా నిలుస్తుంది. ఆయన అమ్మేది బహుశా రంగు వేసిన ఏదో మిశ్రమం.

తెలుగువారికి సుగంధాల వ్యాపారం కొత్తదేమీ కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన మోటుపల్లి శాసనంలో ఓడ సరుకుల మీద సుంకాలు రాసి ఉన్నాయి. చందనం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఎనిమిది శతాబ్దాల కిందట మన రేవులో సరుకు చూసి సుంకం కట్టించుకున్నవారి వారసులం, చూసే కొనాలి.

ప్రశ్న: వచ్చే నెల రెండేళ్లకు సెలవు దొరికింది. అమ్మకు, బావకు అత్తర్లు తీసుకెళ్లాలి. విమానంలో ఇబ్బంది ఉంటుందా?

జవాబు: చేతిసంచిలో అయితే ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు, అన్నీ లీటరు పట్టే ఒకే పారదర్శక సంచిలో ఉండాలి. తులం సీసాలకు ఆ బెంగే లేదు. లగేజీలో పెడితే మూత చుట్టూ టేపు చుట్టి, జిప్ కవర్లో వేసి, చీరల మధ్య నిలువుగా పెట్టండి. నూనె ఎంత సన్న సందైనా పట్టుకుని పాకుతుంది.

ఊద్‌కు మాత్రం వేరే లెక్క ఉంది. అగరు చెట్టు అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రక్షణలో ఉంది. ఆ ఒప్పందం సొంత సామాను కింద మనిషికి 24 మిల్లీలీటర్ల నూనెకు, కిలో చెక్కకు అనుమతి పత్రం నుంచి మినహాయింపు ఇస్తుంది. అంటే తులం సీసాలు రెండు. అమలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది కనుక దుకాణం బిల్లు పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోండి. అమ్మకు ఊద్ కంటే గులాబీయో మల్లెయో తీసుకెళ్లండి. పూజగదిలో కూర్చున్నా, పెళ్లికెళ్లినా రాసుకుంటుంది. బావగారు ఘాటు ఇష్టపడేవారైతే పావు తులం కంబోడియా ఊద్ చాలు.