సీసాలో బల్లిగుడ్డు

రాత్రిపూట కిటికీ అద్దానికి అవతలివైపు బల్లి పాకుతుంటే దాని పొట్టను ఎప్పుడైనా పరిశీలించారా? చర్మం బాగా పలచన. గుడ్లతో ఉన్న ఆడబల్లి అయితే లోపల రెండు తెల్లని ఉండలు కనిపిస్తాయి. కొన్నిటికి మెడకు ఇరుపక్కలా తెల్లని ఉబ్బులు కూడా ఉంటాయి. అవి జబ్బు గడ్డలు కావు. గుడ్డు పెంకు కోసం సున్నం దాచుకునే తిత్తులు. విదేశాల్లో బల్లులను పెంచేవారు పురుగులకు సున్నపుపొడి అద్ది మరీ తినిపిస్తారు. అది చాలకపోతే తల్లి ఎముకల్లోని సున్నం కరిగి గుడ్లకు పోతుంది. సీసాలో బల్లిని బతికించడం అనుకున్నంత తేలిక కాదు సుమా!

కాబట్టి పెద్ద బల్లిని పట్టవద్దు. పట్టుకుంటే తోక వదిలేస్తుంది. ఆ తోకలోనే అది కొవ్వు నిలవ చేసుకుంటుంది. బల్లి సంతతిని చూడడానికి ఒక్క గుడ్డు చాలు.

సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు పటాల వెనుక, పెంకుటింటి దూలాల సందుల్లో చూడండి. (స్విచ్చిబోర్డులో మాత్రం వేలు పెట్టకండి.) శనగగింజంత తెల్లని గుడ్లు సాధారణంగా జంటగా ఉంటాయి. కదపకముందే పైభాగాన పెన్సిలుతో చుక్క పెట్టండి. కోడి తన గుడ్లను దొర్లిస్తుంది, బల్లిగుడ్డును దొర్లించకూడదు. లోపలి పిండం పెంకు పైభాగానికి అంటుకుని పెరుగుతుంది. తలకిందులైతే చచ్చిపోవచ్చు. చుక్క పైకే ఉండేలా, వెడల్పు మూతి సీసాలో పొడి ఏటి ఇసుక మీద ఉంచి, మూతికి పలచని గుడ్డ కట్టండి. ఎండ తగలనివ్వకండి, ఇసుకను తడపకండి. చీకట్లో టార్చి వెలుగు పక్కనుంచి వేస్తే గులాబిరంగూ, సన్నని రక్తనాళాలూ కనిపిస్తాయి. అలా కనిపిస్తే గుడ్డు బతికి ఉన్నట్టే.

తల్లి పెట్టిన ఒకటిన్నర, రెండు నెలలకు పిల్ల వస్తుంది. పెంకు చీల్చుకోవడానికి దాని మూతిమీద రెండు బుల్లి పళ్ళుంటాయి, తర్వాత రాలిపోతాయి. పొట్టలో పచ్చసొన మిగిలి ఉంటుంది కనుక వెంటనే తిండి అక్కరలేదు. ఆ సాయంత్రమే, గుడ్డు దొరికిన గోడమీద వదిలేయండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. మన ఇంటిబల్లికి విషం లేదు గానీ, దాని రెట్టలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. బల్లి పడిన కూరను పారబోయమని అమ్మమ్మలు చెప్పింది అందుకే సరైనది, కారణం మాత్రం వేరు.

ఇదంతా ఇంటిబల్లికే. కొండబల్లుల జోలికి పోవద్దు. తిరుమల కొండల్లోని బంగారు బల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు. మనకు దగ్గరలోనిదే ఇంకొకటి ఉంది. సాలూరు దాటి కనుమ ఎక్కితే జయపురం వెళతాం కదా! ఇప్పుడది ఒడిశా, 1936 దాకా విశాఖపట్నం జిల్లాలోనిదే. 1877లో బెడ్డోమ్ అనే అటవీ అధికారి ఆ కొండల్లోని ఒక బల్లిని వర్ణించాడు. గోడలెక్కే మెత్తలు దాని వేళ్ళకు లేవు. రాలిన ఆకుల మధ్య నేలమీదే తిరుగుతుంది. ఆ తర్వాత 130 ఏళ్ళకు పైగా అది శాస్త్రజ్ఞుల కంటపడలేదు. తూర్పు కనుమల్లో మళ్ళీ కనుగొన్నట్టు 2012లో ప్రకటించారు. అలాంటిదాని గుడ్లు రెండు తెచ్చుకున్నా ఆ కొండకు ఎంత లోటో ఆలోచించండి.

మీకు జంట గుడ్లు దొరికితే ఒక ప్రయోగం చేయండి. ఒకదాన్ని వెచ్చగా ఉండే అటకమీద, రెండోదాన్ని మంచినీళ్ళ కుండ ఉన్న గదిలో పెట్టండి. రెండుచోట్లా రోజూ ఒకే వేళకు ఉష్ణోగ్రత రాయండి. ఏ పిల్ల ముందు వచ్చింది, రెండోది ఎన్ని రోజులు ఆలస్యమైంది? నోటుపుస్తకంలో తేదీలతో సహా ఉంచి మీ సైన్సు మాస్టారికి చూపండి.